గుండీల డబ్బా మూత

షెడ్డు నుంచి,
వానలు పట్టుకున్న వారం

వదినా,

గోనెసంచి చేరింది. బస్సు మీద నుంచి దించుతుంటే కండక్టరు "ఏముందండీ అయ్యగారూ ఇందులో, శవమా?" అన్నాడు. "శవమే. లేపబోతున్నాం" అన్నాను. పాపం, టిక్కెట్ల సంచి గుండెకు హత్తుకుని వెనక్కి జరిగాడు.

శనివారం మా వాళ్లు షెడ్డులో చేరాక సంచి విప్పాను. మా వాళ్లంటే పెద్ద సభ అనుకోకు. ఒకరు పళ్ల డాక్టరు, ఒకరు రిటైరైన బస్సు డ్రైవరు, మూడో పిచ్చివాణ్ణి నేను. పాత మోటారు రంపాల జబ్బు ముగ్గురికీ సమానంగా అంటుకుంది. డాక్టరు పళ్లు గీకే పనిముట్లతోనే కార్బురేటరు రంధ్రాలు గీకుతాడు. సోమవారం మళ్లీ అవే నోట్లో పెడతాడేమోనని డ్రైవరు ఆయన దగ్గర పన్ను చూపించుకోవడం మానేశాడు. గోడ నిండా రంపాలున్నాయి. కొన్ని అరుస్తాయి, కొన్ని దగ్గుతాయి, కొన్ని ఇంకా తీర్పు దినం కోసం ఎదురుచూస్తున్నాయి.

అన్న రంపం ఎత్తి బల్ల మీద పెట్టాను. ఆ బరువు నా భుజానికి ఇంకా గుర్తుంది. అడవి క్యాంపులో అన్న కోస్తుంటే రంపం ఇరుక్కోకుండా నేను వెనక నిలబడి కోసిన గంటులో చెక్క చీలలు కొట్టేవాణ్ణి. చెట్టు మూలిగిందంటే చాలు, వెనక్కి చూడకుండానే "తమ్ముడూ, జరుగు" అనేవాడు. ఇన్నేళ్లయినా ఆ ఇనుములో పెట్రోలు వాసన, పచ్చికర్ర వాసన పోలేదు. నేను వంగి ముక్కు ఆనిస్తే డ్రైవరు డాక్టరుతో "ప్రార్థన చేస్తున్నట్టున్నారు, టోపీ తియ్యండి" అన్నాడు.

కానీ ఎంత పాడుచేశాడు వదినా దీన్ని. రంగు అనేదే లేదు. పిడికి సైకిలు ట్యూబు చుట్టాడు. సైలెన్సరు మీద ఏదో తుప్పు రేకు కొట్టాడు. పిస్టన్ రాయిలా బిగుసుకుపోయింది. ఫరవాలేదు. నీళ్లలో మునిగిన గొడ్డలిని ప్రవక్త తేల్చిన సంగతి నీకు క్యాంపులోనే చెప్పాను, నువ్వు ఆవులించావు. దీన్ని నేను తేలుస్తాను. వానలు వెలిశాక మైదానంలో పాత రంపాల మేళా ఉంది. కార్ఖానా గేటు దాటిన రోజున ఎలా ఉందో అచ్చం అలా ఉన్న రంపానిదే అక్కడ మొదటి స్థానం. అన్న పేరు ఆ మైదానంలో మోగాలి.

ఫోను చేస్తే ఎత్తవేం? ఇన్నేళ్లు మెట్ల కింద ఉంచినదాన్ని ఇప్పుడెందుకు పంపావో కూడా ఒక్క ముక్క రాయలేదు.

నీ మరిది

*

వంటింట్లోంచి,
ముసురు పట్టిన మధ్యాహ్నం

ప్రసంగాల మరిదికి,

ఫోను నాకు పడదు. ఉత్తరం రాయి. ఉత్తరంలో నువ్వెంత అరిచినా పక్కింటివాళ్లు రారు.

ఎందుకు పంపానంటే, దాని గొంతు ఒక్కసారి వినాలనుంది. అంతకుమించి ఏం లేదు.

క్యాంపులో రంపాలన్నీ ఒక్కసారే కోసేవి కదా. మేస్త్రీ భార్య నన్ను ఏడిపించేది: "ఇన్నిట్లో మీ ఆయనది ఏదో నీకెలా తెలుస్తుందే?" "మీ ఆయన గురక నీకెలా తెలుస్తుందో అలాగే" అనేదాన్ని. మిగతావాళ్లు పని కాగానే రంపం ఆపేసి భుజాన వేసుకుని వచ్చేవాళ్లు. మీ అన్న ఆపేవాడు కాదు. ఊరికే గురగురలాడిస్తూ నా వంటపాక దాకా మోసుకొచ్చేవాడు. పెట్రోలు తగలేస్తున్నావని మేస్త్రీ తిట్టేవాడు. "తగలెయ్యడం లేదండీ, ఇంట్లో గంట కొడుతున్నాను" అనేవాడు ఈయన. ఆ గురగుర మలుపు తిరిగిందంటే నా చెయ్యి కంచం మీదకు పోయేది. పాక ముందు అది ఆగేసరికి వడ్డన అయిపోయేది.

మధ్యాహ్నం కాకుండా వేరే వేళ ఆ చప్పుడు ఆగితే మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయేదాన్ని, మళ్లీ మొదలయ్యేదాకా. ఆయన చెట్టు కిందే పోతాడని బతుకంతా భయపడ్డాను. ఆయనేమో మంచం మీద, దుప్పటి సర్దుకుంటూ, "కాస్త కిటికీ వెయ్యి" అంటూ పోయాడు.

మొన్న రవిక గుండీ ఊడితే గుండీల డబ్బా తీశాను. దానికి ఇప్పటికీ మూత లేదు, గుడ్డ కట్టి ఉంచుతాను. మూత మీ అన్నే పట్టుకుపోయాడు. ఇస్తా ఇస్తా అంటూనే వెళ్లిపోయాడు. ఆ డబ్బా చేతిలో పట్టుకునే మెట్ల కింద వెతికాను, రంపం దొరికింది.

నడిస్తే చాలు మరిదీ. రంగూ వద్దు, మైదానమూ వద్దు. త్వరగా చెయ్యి. నీ ప్రసంగంలా సాగదీయకు. నీకంటే రంపమే నయం, పెట్రోలు అయిపోతే ఆగుతుంది.

వదిన

*

షెడ్డు నుంచి,
కప్పు కారుతున్న రోజు

వదినా,

పిస్టన్ కదిలింది. సిలిండరులో నూనె పోసి నానబెట్టి, రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక చెక్కసుత్తితో మెల్లగా తడుతూ వచ్చాను. నిన్న కదిలింది. వెంట్రుకవాసే, కానీ కదిలింది. నేను వేసిన కేకకు డాక్టరు కుర్చీలో ఉన్న రోగిని వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. రోగి నోటినిండా దూదితో ఆయన వెనకే వచ్చాడు.

"నడిస్తే చాలు" అని రాశావు. అది విశ్వాసం లేని మాట, వదినా. నేనొప్పుకోను. సగం కడిగిన పాత్ర పాత్రా? సగం లేచినవాడు లేచినట్టా? పీడకలలాంటి ఆ ట్యూబు విప్పేశాను. సైలెన్సరు మీది తుప్పు రేకు ఉలితో పీకి అవతల పడేశాను. దాని కింద సైలెన్సరు నిలువునా చీలి ఉంది, ఏదో కొమ్మ మీద పడినట్టుంది. డాక్టరు ఊరూరా ఉత్తరాలు రాసి, ఈ రంపానికి సరిగ్గా ఇదే మోడలు సైలెన్సరు, డబ్బా కూడా విప్పనిది, తెప్పిస్తున్నాడు. రంగు కూడా దొరికింది. ఎరుపులో అదొక ఎరుపు. డ్రైవరు తన పాత బస్సు కూడా అదే రంగని ఒట్టేసి చెబుతున్నాడు. ఆయనకు లోకంలోని ప్రతి ఎరుపూ తన బస్సు రంగే.

కాస్త ఓపిక పట్టు. ఆ సైలెన్సరు రావాలి, పూత మీద పూత ఆరాలి. మేళా నాటికి అన్న మొదటిసారి దాన్ని ఎత్తుకున్నప్పుడు ఎలా ఉందో అలా చూస్తావు. అంత తొందర దేనికి?

నీ మరిది

*

వంటింట్లోంచి

మరిదీ,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. మీవాళ్లందరితో వంతులేయించి ప్రార్థన గొలుసులు మొదలుపెట్టకు.

కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమది పోతోంది. చెవుల డాక్టరు మిషను పెట్టి చూశాడు, లాభం లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. "ఇంకెంత కాలం?" అన్నాను. చలికాలం దాకా ఉంటే ఉండొచ్చని కాగితం మీద రాసి చూపించాడు. రాయకుండా చెబితే నాకు వినబడదని ఆయనకు అప్పటికే అర్థమైంది.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా తెలియడం లేదు. తలుపు కొట్టి కొట్టి పాలాయన కిటికీలో గిన్నె పెట్టి పోతున్నాడు. గడియారం ముందే వెళ్లిపోయింది, పిచ్చుకలు ఆ వెనక. వాటి గురించి ఏడవలేదు. మూసుకుపోయే ముందు ఒక్కటి వినాలనుంది.

నీ రంగు ఆరేదాకా ఈ చెవి ఆగదయ్యా.

వదిన

*

షెడ్డు నుంచి,
వాన తెరపిచ్చిన రోజు

వదినా,

నీ ఉత్తరం చదివి బల్ల కింద కూర్చున్నాను. ఎందుకు కిందే కూర్చున్నానో తెలియదు. క్యాంపులో జ్వరం వచ్చినప్పుడు నీ వంటబల్ల కింద పడుకునేవాణ్ణి, నువ్వు కాలితో నెట్టి గంజి ఇచ్చేదానివి. అదే గుర్తొచ్చింది.

ప్రార్థన వద్దన్నావు. చేశాను. చెవిటివాడి చెవుల్లో వేళ్లు పెట్టి తెరుచుకోమన్న ప్రభువుతో గట్టిగానే పోట్లాడాను. నామీద నీకు కోపం వస్తే రానీ.

సైలెన్సరు వచ్చేసింది. బిగించాం. రంగు రెండు పూతలే వేశాం, మూడోదానికి ఆగలేదు. డాక్టరు, డ్రైవరు, నేను వంతులేసుకుని పనిచేశాం. చైను పళ్లన్నీ ఆకురాయితో నేనే పదును పెట్టాను. నిన్న తాడు లాగాను వదినా. లేచింది. గొంతు ఎంత శుభ్రంగా ఉందంటే, ఒక్క దగ్గు లేదు, ఒక్క వణుకు లేదు.

శనివారం పొద్దుటి బస్సెక్కు. బస్టాండులో డ్రైవరు ఉంటాడు, ఎర్ర చొక్కా వేసుకొస్తానన్నాడు. షెడ్డులో నీకు కుర్చీ వేస్తాం.

నీ మరిది

*

షెడ్డు నుంచి,
ఆదివారం సాయంత్రం

వదినా,

నువ్వు వెళ్లి ఒక రోజే అయింది. నాకు మనసు నిలవడం లేదు, అందుకే రాస్తున్నాను.

కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఎడమ చెవి ముందుకు పెట్టి నిలబడ్డావు. తాడు లాగాను, రంపం అందుకుంది. డ్రైవరు చప్పట్లు కొట్టాడు. డాక్టరు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను నీ మొహమే చూస్తున్నాను. ముందు ఏదో వెతుకుతున్నట్టున్నావు. తర్వాత శాలువా బిగించుకున్నావు. "బాగుంది" అన్నావు. ఆ వెంటనే "తిరుగు బస్సు ఎప్పుడు?" అన్నావు. టీ కూడా తాగలేదు. డ్రైవరు "రంగు నచ్చలేదేమో, నేను ముందే చెప్పాను, మా బస్సు ఇంకాస్త ముదురు" అని నన్ను తినేస్తున్నాడు.

వినబడలేదా వదినా? అప్పటికే మూసుకుపోయిందా? రంగు కోసం, సైలెన్సరు కోసం ఆపి ఆపి ఆలస్యం చేశానా? ఉన్నది ఉన్నట్టు రాయి. దాచకు.

ఈ ఉదయం కూడికలో పాతవి నూతనం కావడం మీద మాట్లాడాలనుకున్నాను. మొదలుపెట్టి సగంలోనే వదిలేశాను. ఎప్పుడూ ప్రసంగం బల్ల గుద్దితే అది ఊగేది, జనం సర్దుకుని కూర్చునేవాళ్లు. ఇవాళ అదీ ఊగలేదు. నేలలో పాతుకున్నట్టు నిలబడింది. ఊగినవాణ్ణి నేనే.

నీ మరిది

*

వంటింట్లోంచి,
కిటికీ పక్కన

మరిదీ,

చాలా బాగా వినబడింది. దాన్నే ఎలా రాయాలో తెలియక ఇన్నాళ్లు ఆగాను.

నువ్వు ఆలస్యం చెయ్యలేదు. నీ రంపం బాగుంది. అంగట్లో అద్దం వెనక పెట్టిన రంపంలా ఉంది. కానీ అది ఆయన కాదు.

నువ్వు ప్రసంగాలంటూ క్యాంపు వదిలి వెళ్లిపోయాక జరిగిన సంగతి ఇది, అందుకే నీకు తెలియదు. ఒకరోజు కొమ్మ విరిగి రంపం మీద పడింది. మనిషి తప్పించుకున్నాడు, సైలెన్సరు చీలింది. కొత్తది వచ్చేదాకా పని ఆపుకోవాలి కదా. మీ అన్న పాకలోకొచ్చి నా గుండీల డబ్బా మూత తీసుకుని, కత్తిరించి, చీలిక మీద వేసి నాలుగు రివెట్లు కొట్టాడు. నేను తిట్టిన తిట్లకు పొయ్యి మీద కూర మాడిపోయింది. మాడిన కూరే తిన్నాడు. "రేపే కొత్త మూత తెస్తా" అన్నాడు.

మూడు రివెట్లు బిగిశాయి. నాలుగోది వదులు. రంపం ఊరికే తిరుగుతున్నప్పుడు ఆ మూల రేకు టకటకలాడేది, ఎవరో పళ్లెం మీద గోరుతో తడుతున్నట్టు. బిగిస్తానని సుత్తి తీశాడు ఆయన. నేనే వద్దన్నాను. "ఉండనీ. నువ్వని తెలుస్తుంది" అన్నాను. ఆయన సుత్తి పక్కన పెట్టేశాడు. ఆ తర్వాత కొత్త సైలెన్సరు వచ్చినా మార్చలేదు. మూడు రివెట్లు అరిగి మార్చాల్సి వచ్చినప్పుడల్లా నాలుగోదాన్ని మాత్రం మళ్లీ అలాగే, గోరు దూరేంత సందు వదిలి కొట్టేవాడు.

నువ్వు నాకోసం కష్టపడ్డావు. షెడ్డులో అందరి ముందూ "నా మూతేదయ్యా?" అని అడగలేకపోయాను. మీ డాక్టరు మొహం చూశావా, పెళ్లికొడుకు తండ్రిలా ఉన్నాడు.

పారేసిందాన్ని వెతకమని అనను. ఎక్కడని వెతుకుతావు? అడిగావు కాబట్టి చెప్పాను.

వదిన

*

షెడ్డు నుంచి,
ఆదివారం, చేతులు కూడా కడుక్కోకుండా

వదినా,

చదవగానే కోపం వచ్చింది. నీ మీదే. ఒక కాగితం నిండా తిట్టి రాసి చింపేశాను. తర్వాత చీపురు పట్టుకున్నాను. పోయిన నాణెం కోసం ఇల్లంతా ఊడ్చిన ఆడమనిషి మీద నేనెన్నిసార్లు గొంతు చించుకున్నానో నీకు తెలుసు. ఊడ్వడమంటే ఏంటో ఈ వారమే తెలిసింది. షెడ్డు నేల, పాత ఇనుము కుప్ప, కాలవ గట్టు, ఏదీ వదల్లేదు. పాత సామాన్లవాడి బండి కూడా ఆపి వెతికించాను. డాక్టరు, డ్రైవరు మోకాళ్ల మీద నాతో పాటే. లేదు.

ఇవాళ ఉదయం ప్రసంగానికి నిలబడ్డాను. శిష్యుల్లో నమ్మనివాడి సంగతి తీశాను. గాయంలో వేలు పెట్టి చూస్తేగానీ నమ్మనన్నవాడు. నోటికొచ్చిన కథే, కళ్లు మూసుకుని చెప్పగలను. కానీ చెబుతూ చెబుతూ ఆగిపోయాను. సమాధిలోంచి లేచినవాడు కొత్త ఒళ్లుతో లేచాడు కదా, మరి మేకుల గాట్లు చెరుపుకోలేదేం? చెరుపుకుని ఉంటే ఆయన్ని ఎవరు గుర్తుపట్టేవాళ్లు? ఇన్నేళ్లు చెప్పాను వదినా, ఒక్కనాడూ నాకు తట్టలేదు. నేను రంపాన్ని లేపాను గానీ గాట్లన్నీ చెరిపి లేపాను.

ఆ ఊపులో బల్ల గుద్దాను. ఊగలేదు. నీకు రాసిన ఆ ఆదివారం కూడా ఊగలేదు. ఎప్పుడూ ఊగే బల్ల.

"దీని కాలి కింద ఏం పెట్టారు?" అన్నాను. ప్రసంగంలో భాగమనుకుని అందరూ తలలూపారు. "అడుగుతున్నది నిజంగానే. ఎవరు పెట్టారు?"

వెనక వరుసలో డ్రైవరు లేచాడు. "నేనే అయ్యగారూ. మీరు గుద్దినప్పుడల్లా మంచినీళ్ల గ్లాసు పడుతోందని, షెడ్డులో ఏదో రేకుముక్క ఉంటే మడిచి..." అక్కడే ఆగాడు. నోరు తెరిచి నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. ఇద్దరం కలిసి బల్లను పడదోశాం. గ్లాసు పగిలింది. జనం లేచి నిలబడ్డారు.

అదే వదినా. మడత విప్పాను. తుప్పు కింద నీలిరంగు, అంచున సగం పువ్వు. పాతవి పోవాలని నేను అరిచినంతసేపూ దాని మీద నిలిచిన బల్లనే గుద్దుతూ అరిచాను.

డాక్టరు తెప్పించిన సైలెన్సరు విప్పి ఆయన చేతిలో పెట్టాను. చిన్నబుచ్చుకుంటాడనుకున్నాను. "మరి మేళా?" అన్నాడు. "మేళాలో మనకు చివరి స్థానం" అన్నాను. చేతిలోది పక్కన పెట్టి, "అయితే ఆ నాలుగో రివెట్టు నన్ను కొట్టనివ్వండి, సందుల పని నాకు బాగా తెలుసు" అన్నాడు. కొట్టాడు. గోరు దూరింది. చీలిన సైలెన్సరే, నీ మూతే. ట్యూబు కూడా మళ్లీ చుట్టాను. రంగు మాత్రం గీకలేకపోయాను, అదొక్కటి క్షమించు.

నువ్వు రాకు. నేనే వస్తాను. వీధి చివర దిగి, ఆపకుండా తెస్తాను. నువ్వు పొయ్యి దగ్గరే ఉండు, తలుపు వైపు వీపు పెట్టి.

నీ మరిది

*

వంటింట్లోంచి,
చలి మొదలైన వారం

మరిదీ,

క్షేమంగా చేరావని డ్రైవరు రాసిన కార్డు అందింది. ఆ అక్షరాలు కూడా బస్సు నడిపినట్టే ఉన్నాయి, మలుపు మలుపుకీ పక్కకు వాలుతున్నాయి.

ఆ రోజు "వినబడిందా?" అని నువ్వు అడిగావు, నేను తల ఊపి ఊరుకున్నాను. నీ పెదాలు చూసి మాట అర్థమైంది గానీ జవాబు నోటితో రాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే పొయ్యి దగ్గర, తలుపుకు వీపు పెట్టి నిలబడ్డాను. కూర కలుపుతున్నాను. చాలాసేపు ఏమీ లేదు. రోజూ ఉండే దూది నిశ్శబ్దమే. నువ్వు బస్సు తప్పావేమో అనుకున్నాను. ఉప్పు వేశానా లేదా అని ఆలోచిస్తున్నాను. ఆలోచిస్తూనే చూసుకుంటే నా చేతిలో కంచం ఉంది.

విన్నానా, లేక లోపలి నుంచే వచ్చిందా, నాకు తెలియదు మరిదీ. ఒట్టేసి చెప్పలేను. చెవికి తెలిసేలోపే చెయ్యి పైఅరలోంచి కంచం దించేసింది. ఆ తర్వాత వచ్చింది టకటక, పళ్లెం మీద గోరు తట్టినట్టు, ఎంతో దూరం నుంచి, మలుపు తిరిగి. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే నువ్వు కనబడతావు. గుమ్మం ముందు అది ఆగేసరికి వడ్డన అయిపోయింది.

నువ్వు లోపలికొచ్చి, చేతులు కడుక్కుని, కంచం చూసి నీ కోసమే అనుకుని కూర్చున్నావు. అది నీది కాదు. అంచు సొట్టపోయిన ఆ కంచం మీ అన్నది, ఆయన పోయినప్పటి నుంచి పైఅరలోనే ఉంది. నేను పక్కన మంచినీళ్లు పెట్టాను. నువ్వు రెండు ముద్దలు తిని "ఉప్పు తక్కువైంది వదినా" అన్నావు. అది నీ పెదాల మీద చదవక్కర్లేకపోయింది. ఆ కంచం ముందు కూర్చున్నవాడు ఎప్పుడూ ఆ మాటే అనేవాడు.

నువ్వు వెళ్లిన వారానికి ఎడమ చెవి కూడా మూసుకుంది. కంగారుపడి పరుగెత్తుకు రాకు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, అంతే. ఇక నీ ప్రసంగాలు రాసి పంపు. నాకు నచ్చిన చోట ఆగి టీ పెట్టుకుంటాను, ఈ సదుపాయం క్యాంపులో ఉండేది కాదు.

రంపాన్ని మేళాకు తీసుకెళ్లు. చివరి స్థానమైనా సరే, మధ్యలో నిలబెట్టు. ఆ రేకేంటని ఎవరైనా అడిగితే డాక్టరునే చెప్పమను, సందు ఆయనది కదా.

గుండీల డబ్బాకు కొత్త గుడ్డ కట్టాను. మూత ఇక అడగను.

వదిన